మా అమ్మాయి ఇలాంటిది కాదు!

నల్లులతో మొదలైంది.

2009 తొలి రోజులు. న్యూయార్క్‌లో ఓ చిన్న అపార్ట్‌మెంట్. అందులో ఉండే సుజానా కహలన్‌కి ఇరవై నాలుగేళ్లు. న్యూయార్క్ పోస్ట్ పత్రికలో రిపోర్టరు. చురుకైన పిల్ల, వాగుడుకాయ. ఓ పొద్దున్నే చేతి మీద రెండు ఎర్రటి చుక్కలు కనిపించాయి. నల్లులు కుట్టాయనుకుంది. మందు కొట్టేవాణ్ని పిలిపిస్తే అతను ఇల్లంతా గాలించి ఒక్క నల్లి కూడా లేదన్నాడు. ఆమె నమ్మలేదు. ఉన్నాయి, మందు కొట్టాల్సిందేనని పట్టుబట్టింది.

ఇందులో వింతేముంది? నల్లుల భయం ఎవరికైనా ఉంటుంది. కానీ ఆ తర్వాత ఎడమ చెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. ఎన్నడూ లేనిది, స్నేహితుడి ఈ-మెయిళ్లు దొంగచాటుగా తెరిచి చదివింది. ఆఫీసులో వెక్కివెక్కి ఏడ్చింది, కాసేపటికే సంతోషం పట్టలేక గంతులేసింది. నిద్ర పోయింది, ఆకలి పోయింది. ఓ రాత్రి టీవీ చూస్తూ చూస్తూ ఫిట్స్ వచ్చి పడిపోయింది.

డాక్టరు స్కానింగులు తీయించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. రక్త పరీక్షలూ అంతే. పని ఒత్తిడి, పైగా మద్యం ఎక్కువైనట్టుంది అని తేల్చాడు. ఇంకొకరు మానసిక జబ్బు పేరు చెప్పి మాత్రలు రాశారు. ఈలోపు ఆమెకు నాన్న నాన్నలా కనిపించడం మానేశాడు. టీవీలో తన గురించే చెబుతున్నారనుకుంది. మనసులో తలచుకుంటే చాలు, ఎదుటి మనిషి వయసు మార్చేయగలననుకుంది.

ఇదంతా మన వైపు జరిగితే? ఇంట్లోవాళ్లు ముందు గాలి సోకిందంటారు. తాయెత్తు కడతారు, దిష్టి తీస్తారు. అది కుదరకపోతే ఎవరో ఒకరు చెవిలో ఊదుతారు... హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ అని, విశాఖలో అయితే చినవాల్తేరు అని. పెళ్లికాని పిల్ల కదా, బయటికి తెలియనివ్వకండి అని కూడా. న్యూయార్క్‌లో తాయెత్తులు లేవు గానీ, మిగతా కథ అక్కడా దాదాపు అంతే.

తేడా అల్లా ఒక్కటే. సుజానా తల్లిదండ్రులు ఒప్పుకోలేదు.

ఇద్దరూ విడిపోయి చాలా ఏళ్లయింది. ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోరు కూడా. కానీ ఈ విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట: ఇది మా పిల్ల స్వభావం కాదు. నెల కిందటి దాకా ఎలా ఉండేదో మాకు తెలుసు, ఏదో జరిగింది, అదేమిటో చెప్పండి. పట్టుబట్టి న్యూయార్క్ యూనివర్సిటీ ఆసుపత్రిలో చేర్పించారు. అక్కడ వంతులు వేసుకున్నారు. ఒకరున్నప్పుడు జరిగింది రెండోవారికి తెలియాలి కదా... అందుకు ఓ నోటు పుస్తకం పెట్టుకున్నారు. ఇవాళ ఏం తిన్నది, ఏం మాట్లాడింది, ఏ డాక్టరు ఏమన్నాడు. విడాకులు తీసుకున్న ఇద్దరు మనుషులు కూతురి కోసం ఒకే పుస్తకంలో రాసుకున్నారు. ఆ నెల రోజుల్లో ఏం జరిగిందో సుజానాకు జ్ఞాపకం లేదు. తర్వాత తన కథ తాను రాసుకోవడానికి ఆమెకు దొరికిన ఆధారాల్లో ఆ పుస్తకం ఒకటి.

గడియారం బొమ్మ

ఆసుపత్రిలో రోజులు గడిచేకొద్దీ పిల్ల మరీ నీరసించింది. మాట ముద్దయింది, నడక తడబడింది. శూన్యంలోకి చూస్తూ బిగుసుకుపోయేది. వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తే తెల్లకణాలు ఎక్కువగా కనిపించాయి. ఎక్కడో వాపుంది. ఎందుకో తెలియదు.

అప్పుడు వచ్చాడు డాక్టర్ సుహేల్ నజ్జార్. సిరియా నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన నరాల వైద్యుడు. ఆయన కొత్త యంత్రమేదీ తేలేదు. ఓ కాగితం, పెన్ను ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నాడు.

ఆమె గుండ్రంగా గీసింది. ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసింది. అన్నీ కుడివైపే! ఎడమ సగం ఖాళీ. పన్నెండు ఉండాల్సిన చోటు నుంచి ఆరు ఉండాల్సిన చోటు దాకా పన్నెండు అంకెలూ ఇరుక్కుని కూర్చున్నాయి. ఆమె లోకంలో ఎడమవైపు లేదు. అంటే మెదడులో కుడి సగం దెబ్బతింటోంది. మనసు బాగాలేని మనిషి గడియారాన్ని వంకరగా గీయవచ్చు గానీ, సరిగ్గా సగం మాయం చేయదు. ఆమె మెదడు మంటల్లో ఉందని నజ్జార్ ఆ తల్లిదండ్రులకు చెప్పాడు. లక్షల డాలర్ల పరీక్షలు చెప్పలేనిది పది పైసల కాగితం చెప్పింది.

పుర్రెకు చిన్న రంధ్రం చేసి మెదడు ముక్క తీసి చూస్తే వాపు నిజమేనని తేలింది. మరి ఆ వాపు దేనివల్ల? సమాధానం న్యూయార్క్‌లో లేదు. పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో ఉంది. ఆమె నమూనాలు అక్కడి ఓ పరిశోధనశాలకు వెళ్లాయి. జబ్బు పేరు వచ్చింది. ఆ పేరు పుట్టి అప్పటికి రెండేళ్లే.

నలుగురు అమ్మాయిలు

కొంచెం వెనక్కి వెళ్లాలి. 2005లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ వైద్యుడు జోసెప్ దల్మావ్, ఆయన సహచరులు ఓ వైద్య పత్రికలో నలుగురు యువతుల గురించి రాశారు. దల్మావ్ స్పెయిన్ నుంచి వెళ్లిన వైద్యుడు. ఒంట్లో ఎక్కడో కణితి ఉంటే దాని వల్ల మెదడు ఎందుకు చెడుతుందన్నది ఆయన ఏళ్ల తరబడి తవ్వుతున్న విషయం. ఆ నలుగురిదీ ఒకే దారి. ముందు పిచ్చి ప్రవర్తన. ఆ తర్వాత ఫిట్స్, మతిమరుపు. చివరికి స్పృహ తప్పి, తమంతట తాము ఊపిరి తీసుకోలేని స్థితి. నలుగురిలోనూ ఇంకొకటి కలిసింది. మెదడుకు మూరల దూరంలో ఉన్నది... అండాశయంలో ఓ కణితి.

కణితి అనగానే క్యాన్సర్ అనుకోనక్కర్లేదు. వైద్యులు దాన్ని టెరటోమా అంటారు. మన ఆసుపత్రుల్లో ఆడవాళ్లకు 'డెర్మాయిడ్' అంటే బాగా తెలుస్తుంది. చాలామందికి ఏ కడుపునొప్పికో స్కానింగు తీయించుకుంటే బయటపడుతుంది. ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. కానీ కోసి చూస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. లోపల వెంట్రుకలు, కొవ్వు, ఒక్కోసారి పళ్లు! టెరటోమా అన్న పేరుకు మూలం గ్రీకు భాషలో రాక్షసి అనే అర్థమున్న మాట. నిజానికి ఇందులో రాక్షసత్వమేమీ లేదు. అండాన్ని తయారుచేసే కణానికి శరీరంలోని ఏ భాగాన్నయినా పుట్టించే శక్తి ఉంటుంది. అది దారి తప్పి, ఉన్నచోటే, వరసావావి లేకుండా, తోచినవన్నీ తయారు చేసుకుంటూ పోతుంది. జుట్టు, చర్మం, పన్ను... ఒక్కోసారి మెదడులో ఉండేలాంటి నాడీ కణజాలం కూడా.

చిక్కంతా అక్కడే. శరీరంలో కాపలా కాసే రోగనిరోధక వ్యవస్థకు పొత్తికడుపులో మెదడు ముక్క కనబడింది. ఇది ఇక్కడ ఉండాల్సింది కాదే! దొంగే అయి ఉండాలి. వెంటనే దాన్ని పట్టుకోవడానికి యాంటీబాడీలను తయారు చేసింది. వాటికి ఆనవాలు తెలుసు గానీ చిరునామా తెలియదు. రక్తంలో తిరుగుతూ తిరుగుతూ అసలు మెదడు దాకా వెళ్లాయి. అక్కడా అదే ఆనవాలు కనిపించింది. పట్టుకున్నాయి.

ఏమిటా ఆనవాలు అన్నది 2007 జనవరిలో తేలింది. ఈసారి దల్మావ్ బృందం పన్నెండు మందిని చూపించింది. పద్నాలుగేళ్ల పిల్ల నుంచి నలభై నాలుగేళ్ల మహిళ దాకా. పదకొండు మందికి అండాశయంలో టెరటోమా, ఒకరికి ఛాతీలో. నాడీకణాల మీద 'ఎన్‌ఎండీఏ రిసెప్టార్' అనే చిన్న తలుపు లాంటిది ఉంటుంది. ఓ కణం చెప్పింది ఇంకో కణం వినడానికి, విన్నది గుర్తుపెట్టుకోవడానికి ఆ తలుపులు కావాలి. ఈ యాంటీబాడీలు వాటిని జంటలు జంటలుగా ముడివేస్తాయి. ముడిపడ్డ తలుపులను కణం లోపలికి లాగేసుకుంటుంది. ఒక్కొక్కటిగా తలుపులు మూతపడుతుంటే మనిషి కూడా అదే వరసలో లోకానికి దూరమవుతాడు. ముందు నమ్మకాలు చెదురుతాయి, తర్వాత జ్ఞాపకం, తర్వాత మాట, తర్వాత కదలిక, చివరికి ఊపిరి.

ఆపరేషన్ థియేటర్లో వాడే మత్తుమందు కెటమైన్ సంగతి కొందరికి తెలిసే ఉంటుంది. అది కూడా ఈ తలుపుకే అడ్డం పడుతుంది. ఆ మత్తు దిగేటప్పుడు కొందరు గాల్లో తేలుతున్నట్టు, తమ ఒళ్లు తమది కానట్టు మాట్లాడతారు. ఒక పూట మత్తులో కలిగేదే వారాల తరబడి, ఎవరూ ఏ మందూ ఇవ్వకుండా లోపలి నుంచే వస్తే ఎలా ఉంటుందో... ఆ అమ్మాయిలకు అదే జరిగింది.

అయితే ఇందులోనే ఓ శుభవార్త దాగి ఉంది. తలుపులు మూతపడ్డాయి గానీ ఇల్లు కూలిపోలేదు. నాడీకణాలు చాలావరకు బతికే ఉన్నాయి. యాంటీబాడీలను తగ్గిస్తే తలుపులు మళ్లీ పైకి వస్తాయి. ఆ పన్నెండు మందిలో కణితి తీసి, రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే మందులిచ్చినవారు తొమ్మిది మంది. వాళ్లలో ఎనిమిది మంది కోలుకున్నారు, లేదా బాగా మెరుగుపడ్డారు. కణితి తీయని ముగ్గురిలో ఇద్దరు చనిపోయారు.

మెదడు జబ్బుకు కడుపులో ఆపరేషన్! పాతికేళ్ల కిందట ఈ మాట అంటే ఏ డాక్టరైనా నవ్వేవాడు.

వైద్యం ఇలా...

చికిత్స చెప్పుకోవడానికి సులువే. కణితి ఉంటే వీలైనంత త్వరగా తీసేయాలి. దాంతోపాటు నరంలోకి స్టెరాయిడ్లు, దాతల రక్తం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్, లేదా రక్తంలోని ప్లాస్మాను తీసి మార్చే ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్. వీటికి లొంగకపోతే రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ అనే ఇంకాస్త గట్టి మందులు. 2013లో వివిధ దేశాలకు చెందిన 577 మంది రోగుల వివరాలు ఒకచోట చేర్చి చూశారు. నూటికి ఎనభై ఒక్క మంది ఆడవాళ్లే. ఎనిమిది నెలల పసికందు నుంచి ఎనభై అయిదేళ్ల వయసు వారి దాకా ఉన్నారు. చికిత్స పొందినవారిలో రెండేళ్లకు నూటికి ఎనభై మంది దాకా తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదన్నది కూడా అందులో తేలింది.

చెప్పుకోవడానికి సులువన్నది ఎందుకంటే, ఇంట్లోవాళ్లకు ఆ రెండేళ్లు యుగాల్లా గడుస్తాయి. నెలల తరబడి ఐసీయూ. వెంటిలేటర్. మంచం మీద పిల్ల మూతి అదేపనిగా కదులుతుంటుంది, ఏదో నములుతున్నట్టు. ఓసారి జ్వరం, ఓసారి చెమటలు, ఓసారి గుండె పరుగు. ఇమ్యునోగ్లోబులిన్ ఖర్చు మన దగ్గర లక్షల్లో ఉంటుంది. పొలం అమ్మిన డబ్బుతో తెచ్చిన మందు ఎక్కించాక కూడా పిల్ల కళ్లు తెరవకపోతే నాలుగో వారానికి ఎవరి గుండె జారిపోదు? కోలుకోవడమూ వచ్చిన దారినే వెనక్కి నడిచినట్టు ఉంటుంది. ముందు ఊపిరి, తర్వాత కదలిక, తర్వాత మాట. అన్నిటికంటే ముందు పోయిన మంచీచెడ్డా, సిగ్గూ, సంయమనం అన్నిటికంటే చివర్లో వస్తాయి. మాట వచ్చిన పిల్ల మొదట బూతులు తిడితే చుట్టాలు బెదిరిపోతారు. అది వెనక్కి వచ్చే దారిలో ఓ మజిలీ అని వాళ్లకు ముందే చెప్పేవాళ్లు ఉండాలి.

జపాన్‌లోని ఒకయామా ప్రాంతంలో ఓ జంటకు 2007 మార్చిలో పెళ్లి జరగాల్సింది. దానికి కొద్ది నెలల ముందే పెళ్లికూతురు ఈ జబ్బుతో మంచాన పడింది. కాబోయే భర్త ఆసుపత్రికి తిరుగుతూనే ఉన్నాడు. ఆమె మేలుకుంది గానీ అతనెవరో ఆమెకు గుర్తులేదు. అయినా వదల్లేదు. 2014 డిసెంబరులో పెళ్లి చేసుకున్నారు. వాళ్ల కథ 'ఎనిమిదేళ్ల తర్వాతి పెళ్లికూతురు' అనే అర్థమిచ్చే పేరుతో 2017లో సినిమాగా వచ్చి అక్కడివాళ్లను బాగా ఏడిపించింది. మన దగ్గరయితే పెళ్లికొడుకు తరఫువాళ్లు మొదటి వారంలోనే తాంబూలాలు వెనక్కి ఇచ్చేసేవాళ్లేమో.

అందరికీ కణితి ఉంటుందనుకుంటే పొరపాటు. ఆ 577 మందిలో కణితి కనిపించింది నూటికి ముప్పై ఎనిమిది మందిలోనే. కనిపించినవాటిలో మాత్రం దాదాపు అన్నీ అండాశయం టెరటోమాలే. చిన్నపిల్లల్లో, మగవాళ్లలో అరుదు. సుజానాకూ కణితి లేదు. స్కానింగుల్లో ఎంత వెతికినా కనబడలేదు. కొందరిలో హెర్పిస్ వైరస్ మెదడుకు సోకి తగ్గాక ఈ యాంటీబాడీలు పుడతాయి. మరికొందరిలో కారణమే దొరకదు. మనుషులకే కాదండోయ్... బెర్లిన్ జూలో ప్రపంచమంతా ముద్దుచేసిన నూట్ అనే ధ్రువపు ఎలుగుబంటి 2011 మార్చిలో సందర్శకులు చూస్తుండగానే ఫిట్స్ వచ్చి నీళ్లలో పడి చనిపోయింది. దానికీ ఇదే జబ్బు అని 2015లో జర్మన్ శాస్త్రవేత్తలు తేల్చారు.

అలాగని డెర్మాయిడ్ ఉన్న ప్రతి ఆడమనిషీ భయపడాల్సిన పనిలేదు. అవి ఎందరికో ఉంటాయి. ఈ జబ్బు మాత్రం ఏటా పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. భయపడాల్సింది ఇంకొక దానికి. వచ్చిన ఆ ఒక్కరినీ గుర్తుపట్టకపోవడానికి. బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు ఇలాంటి రోగుల గురించి పరిశోధన పత్రాలు ప్రచురించారు. వెన్నునీటిలో ఈ యాంటీబాడీలను వెతికే పరీక్ష మన దేశంలోనే చేస్తున్నారు. కడుపు స్కానింగు సెంటరు ప్రతి పట్టణంలో ఉంది. మరీ చిన్న కణితి మామూలు స్కానింగుకు అందకపోవచ్చు, అప్పుడు ఎమ్మారై కావాలి. కణితి తీయడం అనుభవమున్న గైనకాలజిస్టుకు కొత్త పనేమీ కాదు. లేనిదల్లా, పిచ్చిగా మాట్లాడుతున్న పద్దెనిమిదేళ్ల పిల్లకు పొత్తికడుపు స్కానింగు రాయాలన్న ఆలోచన.

ఆ ఆలోచన రావాలంటే డాక్టరు ముందు ఇంట్లోవాళ్ల మాట వినాలి. మానసిక వ్యాధులు చాలావరకు మెల్లగా వస్తాయి, నెలలూ ఏళ్లూ పడుతుంది. ఇది అలా కాదు. తలనొప్పి, కాస్త జ్వరం, ఆ తర్వాత రోజుల్లో, వారాల్లో మనిషే మారిపోతుంది. దానికి ఫిట్సో, మతిమరుపో, నోరు వంకరలు పోవడమో, బిగుసుకుపోవడమో తోడవుతుంది. మానసిక జబ్బు మాత్రలు వేస్తే తగ్గకపోగా ఒళ్లు ఇంకా కొయ్యబారుతుంది. మొన్న దసరాకు బాగానే ఉందండీ, క్లాసులో ఫస్టు వచ్చేదండీ, మా అమ్మాయి ఇలాంటిది కాదండీ అని తల్లి అంటే, అది కన్నపేగు మమకారమని కొట్టిపారేయడం తేలిక. ఈ జబ్బులో అదే మొదటి సాక్ష్యం. ఎమ్మారై చాలామందిలో మామూలుగానే వస్తుంది. తల్లి మాట మాత్రం తప్పు పోదు.

సుజానా కొన్ని నెలల చికిత్స తర్వాత మళ్లీ ఆఫీసులో అడుగుపెట్టింది. 2009 అక్టోబరులో తన పత్రికలోనే తన కథ రాసింది. 2012లో అది 'బ్రెయిన్ ఆన్ ఫైర్' పుస్తకమైంది, తర్వాత సినిమా కూడా వచ్చింది. ఆ వ్యాసం, ఆ పుస్తకం చదివి, మా పిల్లకూ ఇదేనేమో చూడండని డాక్టర్లను అడిగిన తల్లిదండ్రులు ఎందరో. అలా బయటపడ్డవాళ్లూ ఉన్నారు.

కానీ ఆమె 2019లో రాసిన రెండో పుస్తకం మొదట్లో ఇంకో అమ్మాయి ఉంటుంది. సుజానా ఓ మానసిక వైద్యశాలలో ప్రసంగించడానికి వెళ్లింది. విన్న డాక్టర్లకు తమ దగ్గరే ఉన్న ఓ రోగి గుర్తొచ్చింది. దాదాపు సుజానా వయసే, లక్షణాలూ అవే. స్కిజోఫ్రీనియా అని రాసి ఉంది. పరీక్ష చేయించారు. అదే జబ్బు.

అయితే అప్పటికే చాలాకాలం గడిచిపోయింది. చికిత్స చేసినా ఆ అమ్మాయి ఇక ఎప్పటికీ చిన్నపిల్ల స్థాయిలోనే ఉండిపోతుందని డాక్టర్లు చెప్పారు. ఒకే వయసు, ఒకే జబ్బు, ఒకే దేశం. సుజానా ఆ అమ్మాయిని తన అద్దంలోని బింబం అని పిలుచుకుంది. పేరు మాత్రం ఎక్కడా రాయలేదు.